తిరగేసి అంటించిన పెట్టెలు

మా పలకల మధ్య బాంబులు దొరికాయన్నది అబద్ధం. మార్కాపురం టీ బంకుల దగ్గర చెప్పుకునే కథలో బాంబులుంటాయి. ఆ కథే గిద్దలూరు చేరేసరికి బాంబులు తుపాకులవుతాయి. అక్కడ ఒక పెళ్లిలో, నేనెవరో తెలియని ఒకావిడ నా పక్క కుర్చీలో కూర్చుని నాకే చెప్పింది.

"ఆఫ్రికాకు తుపాకులు పంపిందంట గదమ్మా, ఆ పలకల ఫ్యాక్టరీ ఆమె. దొరసాన్లు వచ్చి పట్టుకున్నారంట."

"తుపాకులు పలకల పెట్టెలో ఎట్ల పడతాయి అక్కా?"

"మడిచి పెట్టింటారు."

తుపాకీని మడవగలిగే దాన్నయితే నాకు పలకలతో పనేమిటి?

దీనికంటే మర్యాదగా ఉండే కథ ఇంకొకటుంది. అది మా బంధువులది. "పాపం, ఆమె తెలియక చేసింది, ఫ్యాక్టరీ మీదికి రాకుండా వాళ్ల అన్న ఎట్లనో సర్దుకున్నాడు" అని. నాకు ఒళ్లు మండేది ఈ రెండో కథకే. బాంబుల కథ అబద్ధమని కాస్త బుర్ర పెడితే ఎవరికైనా తెలుస్తుంది. ఈ రెండోది జాలి కప్పుకుని వస్తుంది కనుక ఎవరూ బుర్ర పెట్టరు.

పలకల ఫ్యాక్టరీ మా నాయన పెట్టింది. ఆయన పోయాక లైసెన్సు అన్న పేరు మీదికి మారింది. నేను బీకాం అయిన ఏడాదే అక్కడ చేరాను. చేరానని అనడం కూడా తప్పే. ఇంట్లో నుంచి షెడ్డులోకి నడిచాను, ఇరవై రెండేళ్లు అక్కడే ఉన్నాను. నాకు జీతమంటూ లేదు. గనిలో రాయి, కోత, చట్రం అన్న చూసేవాడు. ఉత్తరాలు, ఎగుమతి కాగితాలు, ప్యాకింగ్ నావి. మేమిద్దరం ఆ షెడ్డులో పోట్లాడుకోని రోజు లేదు. పనివాళ్లకు అది రేడియో లాంటిది, ఆపితే ఏమైందని అడిగేవాళ్లు.

మన దగ్గర పిల్లలు పలక మానేశారు గానీ, కొన్ని దేశాల్లో ఇంకా దాని మీదే దిద్దుతారు. అట్లాంటి ఒక ఆఫ్రికా దేశంలోని బడులకు ఒక సేవాసంస్థ మా దగ్గర పలకలు కొన్నది. ఆ దేశంలో ఏళ్ల తరబడి కొట్లాటలు. అక్కడికి ఎవరూ ఆయుధాలు అమ్మకూడదని బయటి దేశాలన్నీ కలిసి నిషేధం పెట్టాయి. నిషేధం పెట్టి ఊరుకుంటే ఎవరు వింటారు? అందుకని దొంగచాటుగా ఏం పోతున్నాయో చూడటానికి పరిశీలకుల బృందాన్ని వేశారు. ఆ దేశానికి పోయే కంటైనర్లను దారిలో ఉన్న రేవుల్లో ఆపి తెరుస్తారు. తుపాకులే కాదు, గనుల్లో వాడే పేలుడు మందు కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. సరుకులో నిషేధించినది ఏదీ లేదని రాసి ఇచ్చే కాగితం మీద సంతకం నాదే. పలకలకూ ఆయుధాలకూ ఏం సంబంధమని చదవకుండానే చేశాను. నా వైపున ఉన్న తప్పుల్లో అది మొదటిది. దాచను.

పలక రాయి పగలాలంటే గనిలో మందు పేల్చాలి. ఆ మందు మందపాటి అట్టపెట్టెల్లో వస్తుంది. పెట్టె మీద నారింజ రంగులో, పేలుతున్న గుండు బొమ్మ, ఏవో అంకెలు ఉంటాయి. మా వైపు గనితో పనున్న ఇళ్లలో ఆ పెట్టెలు లేని ఇల్లు ఉండదు. మా అమ్మ చింతపండు అందులోనే దాచేది. పాత చీరలు అందులోనే. కోడిపిల్లలు అందులోనే. ఆ గుండు బొమ్మ మీద కూర్చుని శనక్కాయలు ఒలిచిన పిల్లలం మేము. ఖాళీ పెట్టెల్ని ఎవరికీ ఇవ్వకుండా గని దగ్గరే నాశనం చెయ్యాలన్న నియమం ఒకటుందని, ఆ పెట్టెలు సముద్రం దాటాక తెలిసింది.

ఆ నెల పలకలు తయారై ఉన్నాయి. కొత్త పెట్టెలు రాలేదు. పంపేవాడు వానలంటాడు, లారీ అంటాడు, ఫోనెత్తడు. నాలుగు రోజుల్లో కంటైనర్ వచ్చి వాకిట్లో నిలబడుతుంది. ఒక పొద్దున అన్న ట్రాక్టరు ట్రక్కు నిండా మందు పెట్టెలు ఎత్తించుకుని, తానే ముందు కూర్చుని, గని నుంచి వచ్చాడు.

"ఇయ్యేంది అన్నా?"

"పెట్టెలు. కనపడ్డంలే?"

"మందు పెట్టెలు గదా."

"మందు పేలిపోయింది, పెట్టె మిగిలింది. కొత్తయాటికంటే దిట్టం. కాదంటావా, నాలుగు రోజుల్లో నువ్వు అట్ట చేసిస్తావా?"

ప్యాకింగ్ ఆడవాళ్లలో పెద్దది ఒక ముస్లిం ఆమె, అందరం చాచీ అంటాం. నాకంటే ముందు నుంచి ఆ షెడ్డులో ఉంది. పెట్టెను వేలితో తట్టి చూసి, "బారూద్ పెట్టెల్లో పలకలా అయ్యా! పిల్లోళ్లు గట్టిగా దిద్దితే పేలతాయేమో" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నేను అడ్డం చెప్పిన మాట నిజమే, అయితే ప్రమాదమని కాదు. అసహ్యంగా ఉన్నాయని. నలిగి, మట్టి మరకలతో, ఆ గుండు బొమ్మలతో దేశం కాని దేశానికి పంపితే మన పరువేం కావాలని గొడవపడ్డాను. ఉపాయం కూడా నేనే చెప్పాను. అతుకు దగ్గర కత్తితో విప్పి, పెట్టెను తిరగేసి, మైదా జిగురుతో మళ్లీ అంటించమన్నాను. లోపలి శుభ్రమైన ముఖం బయటికి వస్తుంది, అచ్చు లోపలికి పోతుంది. మొదటి పెట్టె నేనే చేసి చూపించాను. కొత్తదాని కంటే నీటుగా వచ్చింది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "చదువుకున్నదానివి అనిపించినావు పాపా" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు పొంగిపోయాను. మెచ్చుకోవడం అతనికి అంత అలవాటు లేదు.

మూడు నెలలకు ఆ పరిశీలకుల బృందం నుంచి ఢిల్లీ మీదుగా ఒక ఉత్తరం వచ్చింది. దాంతో ఫొటోలు. ఏదో రేవులో తడి సిమెంటు నేల మీద మా పలకలు వరుసగా పరిచి ఉన్నాయి. పెట్టెలన్నీ నిలువునా కోసి ఉన్నాయి. లోపలి వైపు గుండు బొమ్మ, దాని కింద లాట్ నెంబరు, దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. ఒక పలక చట్రం విరిగి ఉంటే నా కన్ను ముందు అక్కడికే పోయింది. తర్వాతే ఉత్తరం చదివాను.

మందు వాసన పట్టే కుక్క మా కంటైనర్ దగ్గర కూర్చుండిపోయిందట. తెరిస్తే మందు పెట్టెలు, మందు లేదు. ఆ లాట్ నెంబరు పట్టుకుని వాళ్లు మందు తయారైన చోటికి పోయారు, అక్కడి నుంచి గోదాముకు, గోదాము నుంచి గనికి, గని నుంచి మాకు. ఒక అట్టపెట్టె నడిచిన దారంతా అడుగు తప్పకుండా నడిచారు. ఈ విషయంలో వాళ్లను నేను తప్పు పట్టను, మెచ్చుకుంటాను. పలకల చాటున ఎవరైనా మందు తోలుతున్నారేమోనని అనుమానించడమే వాళ్ల పని. ప్రశ్నలు నాలుగు. పెట్టెలు ఎవరు తెచ్చారు? వాటిలోని మందు ఎక్కడ వాడారు? ఇంతకుముందు ఇట్లా ఎన్నిసార్లు పంపారు? ప్రమాద చిహ్నాలు కనపడకుండా పెట్టెల్ని లోపలి వైపుకు తిప్పి దాచినది ఎవరు?

దాచినది. నేను అందం కోసం చేసిన పనికి వాళ్ల దగ్గరున్న మాట అది.

అన్న ముఖంలో నెత్తురు లేదు. "ఏం రాద్దాం?" అన్నాడు.

"ఉన్నది రాద్దాం."

ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఇంగ్లీషులో రాశాను. పెట్టెలు గని నుంచి తెచ్చింది మా అన్న, తిప్పించింది నేను, ఖాళీ పెట్టెల నియమం ఇద్దరికీ తెలియదు, గనిలో మందు వాడిన లెక్కల పుస్తకం నకలు జత చేస్తున్నాం, తప్పు ఇద్దరిదీ. ఒక్క అబద్ధం లేదు. ఇద్దరి సంతకాలకూ చోటు వదిలాను. సోమవారం పొద్దున అన్న వాకిట్లో బండికి ఆనుకుని నిలబడి రెండుసార్లు చదివాడు. ఒక ఇంగ్లీషు మాటకు అర్థమడిగాడు. చెప్పాను.

"బాగుంది" అన్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పొదిలి పోతాండా. చట్రాలకు కర్ర చూడాల. ఆడ్నే టైపు కొట్టించి పోస్టులో ఏస్తా."

"మార్కాపురంలో టైపు కొట్టేవాళ్లు చచ్చినారా?"

"ఇక్కడ కొట్టిస్తే సాయంత్రానికి ఊరంతా చదువుతది."

అది నిజమేననిపించింది. "మరి నా సంతకం?"

"ఉత్తరం కంపెనీది. నాది చాలులే."

చాలుననుకున్నాను. వాదించడానికి పుట్టినదాన్ని, ఆ పూట వాదించలేదు.

నెల దాటాక ఇద్దరు వచ్చారు. ఒకరు ఢిల్లీ అధికారి. ఇంకొకరు ఆ బృందంలోని విదేశీ ఆమె, యాభై దాటి ఉంటాయి, తెల్లబడిన పొట్టి జుట్టు, వాళ్ల దేశంలో ఒకప్పుడు కస్టమ్స్‌లో పనిచేసిందట. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ప్యాకింగ్ వాళ్లు ఎక్కడని అడిగితే, "రాచర్లకాడ తిరనాళ్ల సార్, అందరూ పోయినారు" అన్నాడు అన్న. మా చాచీ ఏ దేవుడి తిరనాళ్లకు పోయిందో ఆ దేవుడే చెప్పాలి. అప్పుడే నాకు అనుమానం రావలసింది. పనివాళ్లను భయపెట్టడం ఇష్టం లేక పంపేశాడేమో, మంచిదే అనుకున్నాను.

పెట్టెను ఎట్లా తిరగేశారో చేసి చూపించమంది ఆమె. చూపించాను. కత్తి, మైదా జిగురు, మడత, అతుకు. ఆమె నా చేతుల వైపే చూసింది.

"చక్కగా చేశారు" అంది. "ఎందుకు?"

"చూడటానికి బాగుండాలని."

చాలాసేపు రాసుకుంది. ఒక్క మాటకు అంత రాత ఏమిటో నాకు అర్థం కాలేదు.

"తిప్పమని చెప్పింది ఎవరు?"

"నేనే."

"పెట్టెలు తెచ్చింది?"

అన్న వైపు తిరిగాను. అతను పైకప్పు రేకుల వైపు చూస్తున్నాడు. ఢిల్లీ అధికారి ఫైలు తెరిచి ఒక కాగితం నా ముందుకు జరిపాడు. మా కంపెనీ కాగితమే. మా అన్న సంతకమే. తేదీ ఆ సోమవారమే. "యజమాని సోదరి ప్యాకింగ్ వ్యవహారాన్ని స్వతంత్రంగా చూసుకుంటున్నారు. సదరు పెట్టెలను యాజమాన్యానికి తెలియకుండా ఆమే సేకరించారు. ఆమెను బాధ్యతల నుంచి తప్పించాము." మంచి ఇంగ్లీషు. నేను రాసిన దాంట్లోంచి ఒకే ఒక్క వాక్యం అందులో మిగిలి ఉంది, నియమం తెలియదన్నది. ఆ వాక్యంలో కూడా "ఇద్దరికీ" అన్నది "ఆమెకు" అయింది.

నన్ను తప్పించారన్న సంగతి నేను షెడ్డులో కూర్చుని, చేతికి జిగురుతో, అప్పుడు తెలుసుకున్నాను.

"దీని గురించి మీరేమైనా చెప్పదలచుకున్నారా?" అని ఆమె అడిగింది. నేను పలకకపోతే కాసేపాగి మళ్లీ అడిగింది.

ఇక్కడ ఊళ్లో వాళ్లు చెప్పే మూడో కథ ఒకటుంది. నేను ఆ మాటకు లేచి అన్నను దులిపేశానని, దొరసాని జడుసుకుని కారెక్కిందని. నా నోరు తెలిసినవాళ్లంతా అదే నమ్ముతారు. నేను అన్నది ఒకే మాట. "ఏమీ లేదు."

ఎందుకన్నానో చెబుతాను, ఒప్పుకోకపోతే మీ ఇష్టం. ఇంట్లో ఎంత తిట్టుకున్నా, బయటివాళ్ల ముందు ఇంటి మనిషిని పలుచన చేయకూడదని మమ్మల్ని పెంచారు. ఇరవై రెండేళ్లు పనివాళ్ల ముందు అన్నతో పోట్లాడాను గానీ, వచ్చిన కొనుగోలుదారుడి ముందు ఒక్కనాడు అతని మాట కాదనలేదు. ఆ అలవాటు అడ్డం వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. నేను ఆగితే, ఆ ఖాళీలో అతనే నోరు తెరుస్తాడనుకున్నాను. నేను వదిలిన ఖాళీ అతని కోసమే. అతను దాన్ని "టీ తాగుతారా మేడమ్" అనడానికి వాడుకున్నాడు.

వాళ్ల కారు గేటు దాటాక అడిగాను.

"ఏంది అన్నా అది?"

"ఏది?"

"పొదిలి ఉత్తరం."

"దాంట్లో నీ పేరు యాడన్నా ఉందా? చెల్లెలు అని ఉంది, అంతే."

"నీకు ఎంతమంది చెల్లెళ్లు?"

కోపం తెచ్చుకున్నాడు. అతనికి తప్పు దొరికిపోతే కోపం వస్తుంది. "లైసెన్సు నా పేర ఉంది. నా మీదికొస్తే ఫ్యాక్టరీకి తాళం. నీ మీదికొస్తే ఏం పోతది? నువ్వు ఇంట్లో మనిషివి."

"ఇంట్లో మనిషినే గదా అడుగుతాండా. ఒక్క మాట నన్ను అడిగింటే నేనే రాసిచ్చేదాన్ని."

"అడిగితే నువ్వు రాసిస్తావా? వాదన పెట్టుకుంటావు."

వదిన గుమ్మంలోకి వచ్చింది. "ఆడమనిషంటే వాళ్లు అంతగా పట్టించుకోరని మీ అన్న లెక్క, పాపా. నీ మంచికే చేసినాడు."

"నా మంచి పొదిలి దాకా పోయి రావాల్నా వదినా? మార్కాపురంలో దొరకలేదా?"

మరుసటి రోజు నుంచి షెడ్డుకు పోలేదు. తప్పించారు గదా, ఉత్తరంలో ఉన్నదాన్ని నిజం చేద్దామనుకున్నాను. ఎవరైనా పిలుస్తారని రెండు వారాలు ఎదురుచూసిన మాట కూడా నిజం. మా ఆయన గిద్దలూరులో ఉద్యోగం నుంచి శనివారం వచ్చి, అంతా విని, "మూసుకోవాల్సిన చోటల్లా తెరిచి, తెరవాల్సిన ఒక్క చోట మూసుకున్నావు" అన్నాడు. ఆయనతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు.

చాచీ కూరగాయల సంచితో ఇంటికొచ్చింది. "నన్ను అడిగింటే చెప్పేదాన్ని బేటీ. ట్రాక్టర్ మీద కూచోనొచ్చింది ఎవరో ఈ కండ్లతోనే చూసినా."

"మరి ఆ రోజు సెలవెందుకు తీసుకున్నావు చాచీ?"

"ఇచ్చినాడు, తీసుకున్నా. అడక్కుండా సెలవిస్తే అనుమానం నాకు రాలేదు, సంతోషం వచ్చింది. ముప్పై ఏండ్లలో ఎప్పుడన్నా ఇచ్చినాడా?"



ఆ బృందం నివేదిక ఇంటర్నెట్‌లో పెట్టారు. వెతికి చదివాను. పెద్ద పెద్ద సంగతుల తర్వాత, చివరి అనుబంధాల్లో మా పెట్టెలు ఉన్నాయి. మందు అక్రమంగా తరలించినట్టు ఆధారాల్లేవు. అది చదివి ఊపిరి పీల్చుకున్నాను. కింద ఇంకో రెండు వాక్యాలు. "పెట్టెల సేకరణకు, ప్రమాద చిహ్నాలను దాచడానికి బాధ్యురాలైన ఉద్యోగినిని సంస్థ తొలగించింది. ఆమె ఈ విషయాన్ని ఖండించలేదు."

ఉద్యోగిని! ఇరవై రెండేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అనలేదు, తీసేసిన తర్వాత గానీ.

వాళ్లకు రాశాను. నా మొదటి ఉత్తరం చిత్తుప్రతి నా దగ్గరుంది, చాచీ సాక్ష్యముంది, ఆ రోజు నేను ఎందుకు ఊరుకున్నానో కూడా రాశాను. ఆ చివరి సంగతి ఇంగ్లీషులో రాయడం నా వల్ల కాలేదు, నాలుగుసార్లు చింపాను. చివరికి పంపాను. రెండు లైన్ల జవాబొచ్చింది. ఆ బృందం గడువు ముగిసింది, కొత్తవాళ్లను వేశారు, వెలువడిన నివేదికను మార్చరు, నా లేఖను దాఖలు చేసుకున్నారు. అట్టపెట్టె వెంట అన్ని ఊళ్లు తిరిగినవాళ్లు, మా షెడ్డులో అన్నాచెల్లెళ్ల మధ్య ఉన్న నాలుగడుగుల నేల దాటలేకపోయారు. వాళ్లను అనడానికి కూడా నాకు పూర్తి హక్కు లేదు. రెండుసార్లు అడిగారు. ఏమీ లేదన్నది నేను.

ఫ్యాక్టరీ నడుస్తోంది. కొత్త పెట్టెలు వస్తున్నాయి. అన్న శుభకార్యాలకు మా ఇంటికి వస్తాడు, ముద్దపప్పు ఇంకాస్త వెయ్యమంటాడు, వేస్తాను. క్షమించమని అతను అడగలేదు. నాకూ అది అక్కర్లేదు. భయపడిన మనిషి చెల్లెల్ని అడ్డం పెట్టుకోవడం ఎట్లాగో నాకు అర్థమవుతుంది, నచ్చకపోయినా అర్థమవుతుంది. అర్థం కానిది ఒక్కటే. దాన్ని అతని ముఖాన అడగబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు గదిలోకి వస్తారు, బయటివాళ్లుంటే నాకు నోరు రాదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

అన్నా, ఆ సోమవారం పొద్దున బండికి ఆనుకుని నా ఉత్తరం రెండుసార్లు చదివి, అర్థం కాని మాటకు అర్థమడిగి, బాగుందన్నావే, అప్పటికే రెండో ఉత్తరం నీ మనసులో తయారై ఉందా, లేకపోతే పొదిలి దారిలో ఎక్కడన్నా పుట్టిందా?